మీటరు 12 చూపిస్తే సరిపోదు

ప్రశ్న: కారులో సీటు హీటరు స్విచ్ నొక్కితే లైటు వెలుగుతోంది కానీ డ్రైవర్ సీటు వేడెక్కడం లేదు. పక్క సీటు బాగానే ఉంది. ఫ్యూజు మాడలేదు. సీటు కింద హీటరు కనెక్టరు ఊడదీసి మీటరు పెడితే 12 వోల్టులు వస్తోంది. లోపలి హీటరే పోయినట్టా?

జవాబు: అప్పుడే సీటు కవరు విప్పకండి. మీటరు తీసుకునే కరెంటు లేనట్టే లెక్క కనుక తుప్పు పట్టిన పిన్ను గుండా కూడా 12 నిక్షేపంగా కనిపిస్తుంది. 2 ఓముల హీటరుకు దాదాపు 6 ఆంపియర్లు కావాలి. అంత లాగగానే వోల్టేజి ఆ పిన్ను దగ్గరే పడిపోతుంది. మీటరు బదులు 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలించండి. మసకగా వెలిగితే లోపం వైరింగులోనో, ఎర్త్ బోల్టులోనో (వైరును కారు బాడీకి కలిపేది) ఉంది.

బల్బు నిండుగా వెలిగితే స్విచ్ ఆపి, హీటరు వైపు ఓములు కొలవండి. చాలా సీట్లలో 1 నుంచి 5 లోపు ఉంటుంది. మీ పక్క సీటుతో పోల్చుకోవడమే నమ్మకం. ఓపెన్ (కరెంటుకు దారే లేదని) చూపిస్తే తీగ తెగింది. అడుగు మ్యాటు, వీపు మ్యాటు (హీటరు తీగలుండే పరుపులు) సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటే ఒకటి తెగినా రెండూ చల్లబడతాయి. కొలుస్తూనే సీటును చేత్తో నొక్కండి, అంకె ఎగిరిపడితే తీగ సగం విరిగినట్టే. సీటు మీద మోకాలు ఆనించి ఎక్కేవారి కార్లలో ఇది మామూలే. తెగిన తీగను మెలిపెట్టి అతికించొద్దు: అతుకు దగ్గర వేడి పోగై ఫోమ్ కాలుతుంది. మ్యాటు మార్చాల్సిందే.

స్విచ్ లైటు కొద్ది సెకన్లకే ఆరిపోతుంటే మాత్రం ఉష్ణోగ్రత సెన్సరును అనుమానించండి.

అన్నిటికన్నా ముఖ్యం, సీటు కింది పసుపు కనెక్టర్లు. అవి ఎయిర్‌బ్యాగువి, బెల్టు బిగించే పరికరానివి. వాటికి మీటరు గానీ బల్బు గానీ తగిలించొద్దు, పేలే ప్రమాదముంది. సీటు విప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తీసి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగండి. ఆ పసుపు కనెక్టర్లు ఊడి ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఎయిర్‌బ్యాగు హెచ్చరిక లైటు వెలిగి అలాగే ఉండిపోతుంది.

ప్రశ్న: హీటరు ఫ్యూజు మాటిమాటికీ పోతోంది. 15 బదులు 20 ఆంపియర్లది వేయవచ్చా?

జవాబు: వద్దు. ఫ్యూజు ఉన్నది వైరును కాపాడటానికి. సీటును ముందుకూ వెనక్కూ పూర్తిగా జరిపి చూడండి. పట్టాల మధ్య నలిగిన వైరు అక్కడే దొరుకుతుంది, తరచూ.