ముడి విప్పండి: పాఠకుల ప్రశ్నలు, ఓ పాత ఓడ మనిషి జవాబులు

పోయిన సంచికలో "తాళ్ళ గురించి, ముళ్ళ గురించి ఏదైనా అడగండి" అన్నాను. సరుకు ఓడల డెక్కు మీద పాతికేళ్ళు మోకులు లాగినవాణ్ణి కాబట్టి ఆ మాత్రం ధైర్యం చేశాను. వచ్చినవాటిలో సగం ఉత్తరాలకి తాడుతో పనే లేదు. అవీ బాగున్నాయి.

మొదటి ఉత్తరం: రోజూ నడకకి వెళ్తాను. ఎంత గట్టిగా బిగించినా దారిలో రెండుసార్లైనా బూటు లేసు ఊడిపోతోంది. కొత్త లేసులు కొన్నా అంతే. తప్పు లేసుదా, నాదా?

మీదే. బిగింపులో కాదు, వరసలో. బూటు ముడిలో రెండు సగాలుంటాయి. కింద ఒక మెలిక, దాని మీద చెవుల్లా నిలిచే రెండు మడతలు. కింది మెలికలో కుడి కొసని ఎడమదాని మీదుగా వేస్తే, పైన ఎడమది కుడిదాని మీదుగా రావాలి. రెండుసార్లూ ఒకే చేతివాటంలో వేసేస్తే చూడటానికి ముడిలాగే ఉంటుంది, నిలవదు. కట్టాక ఒకసారి కిందికి చూడండి. చెవులు రెండూ బూటుకి అడ్డంగా పడుకుంటే సరిగ్గా కట్టారు. ఒకటి వేళ్ళ వైపు, ఒకటి మడమ వైపు తిరిగితే తప్పు కట్టారు. అప్పుడు కింది మెలికని మాత్రం అటుదిటు చేయండి, చాలు.

2017లో కాలిఫోర్నియాలోని బర్క్లీ ఇంజనీర్లు ఈ సంగతి కోసమే మనిషిని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించి స్లోమోషన్‌లో తీశారు. పాదం నేలని తాకినప్పుడల్లా ఆ దెబ్బకి ముడి కాస్త సడలుతుంది. కాలు ఊగినప్పుడు లేసు కొసలు కొరడాల్లా ఊగి దాన్ని లాగుతాయి. చాలాసేపు ఏమీ కాదు. జారడం మొదలైందా, ఇక కొన్ని అడుగుల్లోనే మొత్తం ఊడిపోతుంది. సరిగ్గా కట్టింది కూడా ఎప్పుడో ఒకప్పుడు ఊడేదే, కాకపోతే మిమ్మల్ని ఇల్లు చేరుస్తుంది.

ఓడెక్కిన మొదటి వారం నేనూ ఇలాగే టార్పాలిన్‌కి ఇరవై ముళ్ళు వేసి గర్వంగా నిలబడ్డాను. మా సరంగు, అంటే డెక్కు పనివాళ్ళ పెద్ద, వచ్చి ఒక్క మాట అనకుండా చిటికెన వేలితో ఒక్కోటీ లాగాడు. ఇరవైలో ఒక్కటీ ఆగలేదు. ఆ సాయంత్రం మళ్ళీ కట్టించాడు, ఈసారి కళ్ళు మూసుకుని.

ముడికి బహువచనం "ముళ్ళు" అంటే మా అబ్బాయి "గుచ్చుకుంటాయా?" అని నవ్వుతున్నాడు. "ముడులు" అనాలా? చర్చల్లో "పీటముడి" పడిందని పేపర్లో రాస్తారు, అదేం ముడి?

గుడి గుళ్ళు, బడి బళ్ళు అయినట్టే ముడి ముళ్ళు అయింది. ముల్లు కూడా ముళ్ళే అవుతుంది, ఏం చేస్తాం! వేసేవి ఇవి, గుచ్చుకునేవి అవి. ముడులు అన్నా తప్పు కాదు.

పీటముడి అంటే లాగేకొద్దీ బిగిసేది, పళ్ళతో కొరికినా రానిది. చర్చలకి ఆ మాట సరిగ్గా అతుకుతుంది, ఎవరి కొస వాళ్ళు లాగుతుంటారు కదా. జారుముడి దానికి ఎదురు: ఒక కొస లాగితే చాలు, విడిపోతుంది. చిక్కుముడి మాత్రం వేరే జాతి. దాన్ని ఎవరూ వేయరు, దానంతట అదే పడుతుంది. అందుకే "చర్చల్లో చిక్కుముడి వేశారు" అని ఎవరైనా రాస్తే నాకు చిరాకు.

వేయడం, పడటం, పెట్టడం... క్రియని బట్టి ముడి అర్థమే మారిపోతుంది. వేసేది చెయ్యి. పడేవి రాతలు, కనుబొమలు. పెట్టేది నోరు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటాం చూడండి, తాళ్ళ మనిషిగా నాకు మహా ఇష్టమైన మాట అది. ముడి వేయాలంటే కనీసం ఒక వైపైనా కొస ఉండాలి. ఇక్కడ గుండు మీద వెంట్రుక లేదు, మోకాలికి పట్టు లేదు! ముడుపు కూడా ఈ ఇంటిదే. ముడిచి కట్టి దాచిన సొమ్ము అది, ఇప్పుడేమో పేపర్లో లంచానికి పేరైంది. ముడిచమురులో దారం వెతక్కండి, అక్కడ ముడి అంటే శుద్ధి చేయనిది అంతే.

మా అక్కకీ నాకూ మూడేళ్ళుగా మాటల్లేవు. తలుచుకుంటేనే టెన్షన్. అలెగ్జాండర్‌లా ఒక్క వేటుతో తెంచేయమంటారా?

అమ్మా, అక్కచెల్లెళ్ళ సంగతి నాకు తెలియదు, తాడు సంగతి చెప్తాను. తెగిన తాడు పొట్టిదవుతుంది. మళ్ళీ కలపాలంటే ముడే వేయాలి, ముడి ఉన్న చోట తాడు బలం తగ్గుతుంది, కొన్ని ముళ్ళకైతే దాదాపు సగానికి. ఎవరికీ విప్పరాని బండి ముడిని విడదీశాడనే ఆ అలెగ్జాండర్ కథ కూడా, క్రీ.పూ. 333లో ఇప్పటి టర్కీలోని గోర్డియంలో జరిగిందని చెప్పేది, ఒక్క రకంగా లేదు. కత్తితో నరికాడని కొందరు రాశారు. బండి నొగకి దిగ్గొట్టిన మేకు ఊడబీకితే ముడి వదులైందని ఇంకొకరు రాశారు. నాకు రెండోదే నచ్చుతుంది. బిగిసిన ముడిని మేమెప్పుడూ కొసలు పట్టి లాగం. కొసని లోపలికి నెట్టి, మధ్యలో కాస్త వదులు పుట్టిస్తాం. ముందు ఒక చిన్న ఫోన్ చేయండి, పాత గొడవ ఎత్తకుండా.

జేబులో పెట్టిన ఇయర్‌ఫోన్స్‌కి ముడి ఎలా పడుతుంది?

కదలిక వల్ల. 2007లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పెట్టెలో దారం వేసి 3,415 సార్లు దొర్లించి చూశారు. సెకన్లలోనే ముళ్ళు పడ్డాయి. అరమీటరు లోపు దారానికి దాదాపు పడలేదు. వదులుగా చుట్టి, చుట్టకి నడుమ ఒక కట్టు వేయండి.

ఓడ వేగాన్ని "నాట్"లలో ఎందుకు చెప్తారు?

నిజంగానే ముళ్ళు లెక్కపెట్టేవారు కాబట్టి. ఒక చెక్కముక్కకి తాడు కట్టి వెనక నీళ్ళలో వదిలేవారు. తాడుకి సుమారు 47 అడుగులకో ముడి. 28 సెకన్ల ఇసుక గడియారం అయ్యేలోగా చేతిలోంచి ఎన్ని ముళ్ళు జారితే అన్ని నాట్లు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. "గంటకి" అన్నది అందులోనే ఉంది, "గంటకి పది నాట్లు" అనకండి. మా సరంగు ముందు ఒకసారి అన్నాను. ఆ వారమంతా డెక్కు కడిగింది నేనే.