పొగగొట్టం లేని రైతు ఇల్లు

ఇంగ్లండ్‌లో 600 ఏళ్ల కిందటి రైతు ఇల్లు లోపల ఎలా ఉండేదో, పొగగొట్టం ఉండేదో లేదో చూసినవారు చెప్పమని అడిగారు. ఇప్పుడు ఒక మ్యూజియంలో నిలబెట్టి ఉన్న అలాంటి రైతు ఇల్లు, బేలీఫ్ ఫార్మ్‌హౌస్‌కు నేను రెండుసార్లు వెళ్లాను. అందులో పొగగొట్టం లేదు. ఆ ఇల్లు అర్థం కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను మొదటిసారి వెళ్లింది జనవరిలో. హాలు నట్టనడుమ నేల మీదే కట్టెల మంట. పైన అటక లేదు, కప్పు దాకా ఖాళీ. నిలబడితే కళ్లు మండాయి. బల్ల మీద కూర్చోగానే హాయిగా ఉంది, ఎందుకంటే పొగ తలపైనే తేలుతోంది. అది మెల్లగా పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది. వాసాలు కాటుకలా నల్లగా ఉన్నాయి. కట్టెల పొయ్యి ఉన్న మా అమ్మమ్మగారి వంటిల్లు గుర్తొచ్చి కాసేపు అక్కడే కూర్చుండిపోయాను. కిటికీలకు అద్దాలు లేవు. నిలువు కొయ్య కమ్మీలు, లోపల చెక్క తలుపులు, అంతే.

బయటి రూపానికీ ఈ హాలే కారణం. రెండు చివర్లలో మేడగదులు గోడ దాటి ముందుకు పొడుచుకొస్తాయి. నడుమ హాలుకు మేడే లేదు కనుక అక్కడ గోడ లోపలికే ఉండిపోయింది. కప్పు మాత్రం మొత్తానికీ ఒక్కటే. అందుకే నడిమి చూరును వంపు తిరిగిన కొయ్యలు మోస్తున్నాయి. ఒక చివర కింద సరుకుల గదులు, రెండో చివర పైన యజమాని పడకగది.

గోడలు మనకు కొత్త కావు: ఓక్ చట్రాల మధ్య తడిక అల్లి, గడ్డి, పేడ కలిపిన మట్టి మెత్తారు. చట్రానికి ఇనుప మేకులు లేవు. బెజ్జాలు తొలిచి, కొయ్య కొనలు దూర్చి, చెక్క చీలలు దిగగొట్టారు. కెంట్‌లో బౌ బీచ్ జలాశయం కడుతున్నప్పుడు 1960ల చివర్లో ఇంటిని విప్పి, వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్టన్ మ్యూజియంలో మళ్లీ నిలబెట్టగలిగారంటే ఆ పనితనమే కారణం.

మీరు అక్కడ ఏదైనా పాత ఇంటికి వెళ్తే అడిగి అటకెక్కండి. 16వ శతాబ్దం నుంచి ఇలాంటి హాళ్లలో పొగగొట్టం కట్టి, పైన అంతస్తు వేసుకున్నారు. కింద ఎన్నిసార్లు సున్నం వేసినా, అటకలోని పాత వాసాలకు ఆ మసి చాలా ఇళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది.