సౌదీ వర్క్ వీసా రెండు నెలలైనా రాలేదంటే ఫైలు ఎక్కడ ఆగినట్టు?

ప్రశ్న ఇదీ: దేవరకొండ దగ్గరి ఊరి అబ్బాయి. పదో తరగతి తప్పాడు, మేస్త్రీ దగ్గర ఎలక్ట్రికల్ పని నేర్చుకున్నాడు. రియాద్‌లోని ఒక కంపెనీ ఎంపిక చేసింది. నెలలో వీసా వస్తుందన్న ఏజెంటు రెండు నెలల నుంచి "ప్రాసెసింగ్‌లో ఉంది" అంటున్నాడు. పాస్‌పోర్టు, లక్ష రూపాయలు ఆయన దగ్గరే ఉన్నాయి. ఇంత ఆలస్యం మామూలేనా అని వాళ్ళ అక్క అడుగుతున్నారు.

అమ్మా, రెండు నెలలు పట్టడం మామూలే, మూడు నెలలు పట్టిన ఫైళ్ళూ ఉంటాయి. అయితే ఫైలు ఏ మెట్టు మీద ఉందో ఏజెంటు చెప్పకపోవడం మాత్రం మామూలు కాదు. ప్రతి మెట్టుకూ ఒక నంబరో కాగితమో పుడుతుంది. అది చూపించమనండి. చూపించలేదంటే పని ఆ మెట్టు దాకా రాలేదనే అర్థం.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పోయేది మొదట్లోనే, అదీ సౌదీలోనే. కంపెనీ అక్కడి కార్మిక శాఖ నుంచి వీసాల కోటా తెచ్చుకోవాలి. ఏ దేశం వాళ్ళు, ఏ పని, ఎంతమంది అన్నది అందులోనే ఖాయమవుతుంది. కోటా అయిపోయినా, కంపెనీ అక్కడి ఫీజులు కట్టకపోయినా ఫైలు కదలదు. ఈ దశలో ఇక్కడి ఏజెంటు చేయగలిగింది పెద్దగా ఏమీ ఉండదు, అయినా చాలామంది దీన్నే "ఎంబసీలో ఉంది" అని చెప్పేస్తారు. కాబట్టి ముందుగా మూడు అడగండి: వీసా నంబరు, స్పాన్సర్ (వీసా తీసేవాళ్ళు) ఐడీ, వీసాలో రాసిన వృత్తి. స్పాన్సర్ ఐడీ పది అంకెలు ఉంటుంది. కంపెనీదైతే 7తో మొదలవుతుంది. 1తో మొదలైతే అది ఒక సౌదీ పౌరుడి ఐడీ, అంటే వీసా కంపెనీది కాదు, ఎవరింటి పనికో తీసింది. వృత్తి అరబీలో ఉంటుంది, మీ పక్కన చదివేవాళ్ళు ఎవరున్నా చూపించండి. ఎలక్ట్రీషియన్ అని కాకుండా మామూలు కూలీ అనో ఇంటి డ్రైవర్ అనో ఉంటే అక్కడికెళ్ళాక జీతమూ అదే లెక్కన ఉంటుంది, ఫిర్యాదు చేసినా కాగితం మన వైపు ఉండదు. ఆజాద్ వీసా అంటే అసలే వద్దు. ఒకరి పేరు మీద వీసా, మరొకరి దగ్గర పని అన్నది సౌదీ చట్టం ఒప్పుకోదు, పట్టుబడితే వెనక్కి పంపేస్తారు.

మెడికల్ సంగతి. చాలా కేసుల్లో ఇక్కడే డబ్బూ రోజులూ రెండూ పోతాయి. గల్ఫ్ దేశాల మెడికల్ పరీక్షలకున్న వాఫిద్ వెబ్‌సైట్‌లో స్లిప్ తీసుకుని, అందులో వచ్చిన సెంటర్‌కే పోవాలి. మన వైపు వాళ్ళు హైదరాబాద్ పోక తప్పదు. రిపోర్టుకు గడువు ఉంటుంది, ఆ తేదీ దాని మీదే ఉంటుంది. వీసా నంబరు రాకముందే మెడికల్ చేయిస్తే, నంబరు వచ్చేసరికి రిపోర్టు గడువు తీరి మళ్ళీ డబ్బు కట్టాలి. అభ్యర్థి చేజారకుండా ఏజెంట్లు ముందే చేయించేస్తుంటారు. మీ తమ్ముడికి అయిపోయి ఉంటే ఆ తేదీ ఇవాళే చూడండి. స్లిప్‌లో పాస్‌పోర్టు నంబరు ఒక్క అంకె తప్పినా ఆ రిపోర్టు పనికిరాదు. మధ్యలో పాస్‌పోర్టు మార్చుకున్నా అంతే. ఎప్పుడో తగ్గిపోయిన టీబీ మచ్చ ఛాతీ ఎక్స్‌రేలో కనిపించినా అన్‌ఫిట్ రాస్తారు. హెపటైటిస్ బీ, సీ ఉన్నా అదే. ఆ ఫలితం ఆన్‌లైన్‌లో గల్ఫ్ దేశాలన్నిటికీ కనిపిస్తుంది, "సెట్ చేయిస్తా" అనే మనిషికి ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఎలక్ట్రీషియన్ కాబట్టి ఇంకో మెట్టు ఉంది. ప్లంబర్, వెల్డర్, ఏసీ మెకానిక్‌లతో పాటు ఎలక్ట్రీషియన్లకు కూడా సౌదీ వాళ్ళు తకామోల్ నైపుణ్య పరీక్ష పెట్టారు. కంప్యూటర్ మీద ప్రశ్నలు, తర్వాత చేతి పని. ఆ సర్టిఫికెట్ లేకుండా వీసా స్టాంపింగ్ కాదు. స్లాట్ దొరకడానికే వారాలు పట్టొచ్చు. మేస్త్రీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు చేతి పనిలో నెగ్గుకొస్తారు, ప్రశ్నల దగ్గర తడబడతారు. ఎర్తింగ్ ఎందుకు, ఏ లోడుకు ఎంత ఎంసీబీ వేయాలి, ఏ సైజు వైరు వాడాలి అన్నవి ఎదురుచూసే ఈ రోజుల్లో చదువుకోమనండి.

ఆ తర్వాత వేలిముద్రలు, స్టాంపింగ్. వేలిముద్రలు హైదరాబాద్‌లో సౌదీ వీసా దరఖాస్తులు తీసుకునే తషీల్ సెంటర్‌లో ఒక పూట పని. స్టాంపింగ్ అన్న మాట అలాగే ఉంది గానీ 2023 మే నుంచి పాస్‌పోర్టులో స్టిక్కర్ అతికించడం లేదు, క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం ఇస్తారు. కాగితాలు సరిగ్గా ఉంటే మామూలుగా వారం, రెండు వారాలు. రంజాన్ నెలలో, బక్రీద్ సెలవుల్లో ఇంకాస్త ఆగాలి. పోలీస్ క్లియరెన్స్ కోసం ఆగిందని ఎవరైనా అంటే నమ్మకండి, భారతీయులకు సౌదీ వీసాకు అది అక్కర్లేదని ఆ దేశ ఎంబసీ 2022 నవంబరులోనే చెప్పింది.

పది తప్పాడు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. అంటే వీసా వచ్చాక కూడా కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ ఈమైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి విదేశం పోవడానికి అనుమతి కావాలి, లేకపోతే శంషాబాద్‌లో విమానం ఎక్కనివ్వరు. ఒప్పందంలో జీతం, పని వేళలు, వసతి ఇక్కడే రాసి ఉండాలి. బీమా కూడా ఇక్కడే తీసుకుంటారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, ప్రమాదంలో చనిపోతే ఇంటికి 10 లక్షలు. విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చని చెప్పేవాళ్ళు ఈ రక్షణలన్నీ పోగొడతారు.

ఇక లక్ష రూపాయలు. రిజిస్టర్డ్ ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400, అదీ రసీదుతో. వీసా, ఇఖామా (అక్కడి నివాస అనుమతి) ఖర్చులు సౌదీ కార్మిక చట్టం ప్రకారం కంపెనీవే. ఆ లక్ష నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినదైతే ఆలస్యమైన ప్రతి నెలా 3,000 అదనపు భారం. అందుకే మిగతా డబ్బు వీసా కాగితం చేతిలో పడేదాకా ఇవ్వొద్దు, తమ్ముడు ఇప్పుడు చేస్తున్న పనీ మానొద్దు.

ఈ వారంలో ఏజెంటును వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి: వీసా నంబరు, స్పాన్సర్ ఐడీ, వాళ్ళ ఈమైగ్రేట్ రిజిస్ట్రేషన్ నంబరు, కట్టిన డబ్బుకు రసీదు. రిజిస్ట్రేషన్ నంబరును ఈమైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. వీసా నంబరు లేదన్నారంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకోండి, ఆ దశలో అది ఆయన దగ్గర ఉండాల్సిన పనే లేదు. ఇవ్వనంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090కి ఫోన్ చేసి, ఈమైగ్రేట్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. విదేశీ ఉద్యోగాలు చూసే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఆఫీసు మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది, అదే హైదరాబాద్ మల్లేపల్లి, మీ దగ్గరి కొండమల్లేపల్లి కాదు. పోయేటప్పుడు మెడికల్ స్లిప్, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు, ఆ వాట్సాప్ సందేశాల ప్రింటు తీసుకుపొండి.