గోధుమ చేలో దిగబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఉద్యోగం మానేసి నాన్న పొలంలో గోధుమ వేస్తానన్నావు. ఏ రకం మంచిది, హెక్టారుకు ఎన్ని టన్నులు దిగుతుంది, డ్రోన్ కొనాలా వద్దా అని పది ప్రశ్నలు అడిగి, చివర ఓ మూల "అసలు ఇందులో మిగులుతుందా పెదనాన్నా?" అని రాశావు. ఆ మూలన రాసిందే ముందు అడగాల్సిన ప్రశ్న. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

గోధుమ ధర నీ చేతిలో ఉండదు, నీ ఊరి చేతిలో కూడా ఉండదు. ప్రపంచంలో ఏటా 80 కోట్ల టన్నుల దాకా పండే పంట ఇది. 2010లో రష్యాలో కరువొచ్చి, మంటలు లేచి, వాళ్లు ఎగుమతులు ఆపేస్తే సంబంధం లేని దేశాల్లో ధర ఎగిరింది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక, మార్చికల్లా చికాగో మార్కెట్‌లో ధర అంతకుముందెన్నడూ చూడనంత ఎత్తుకు పోయింది. ఎరువుల ధరలూ దాంతోపాటే ఎక్కాయి. ఆ వేడిలో ఎరువు కొని, ఉన్న నేలంతా గోధుమే వేసినవాళ్లున్నారు. కొన్ని నెలలకే గోధుమ ధర యుద్ధానికి ముందున్న చోటికి దిగింది. కొన్న ఎరువు బిల్లు మాత్రం దిగలేదు.

అందుకని నువ్వు పుస్తకంలో మొదటి పేజీలో రాసుకోవాల్సిన లెక్క హెక్టారుకు ఎన్ని టన్నులని కాదు, టన్నుకు నాకెంత ఖర్చయిందని. విత్తనం, ఎరువు, డీజిల్, మందులు, కోత, కౌలు, నీ కూలితో సహా. చాలామంది తమ కూలి రాసుకోరు. ఈ అంకె చేతిలో లేకుండా మార్కెట్ రేటు చూసి సంబరపడటం, బాధపడటం రెండూ దండగే.

దీని గురించి నాకు తగిలిన దెబ్బ చెబుతాను. చేను పట్టిన మూడో ఏడు పక్క చేలవాళ్ల దిగుబడి చూసి నాకూ పంతం పుట్టింది. యూరియా ఇంకో దఫా వేశాను. చేను నల్లగా, దుబ్బుగా లేచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. గింజ పాలు పోసుకునే సమయానికి ఒక రాత్రి గాలీ వానా వచ్చింది. పొద్దున వెళ్లేసరికి చేను మొత్తం చాప పరిచినట్టు పడుంది. కోత మిషన్‌కు అందింది అందగా మిగిలింది నేలపాలు, అందిన దాంట్లో సగం తాలు. ఎరువు ఖర్చు ఎక్కువ, టన్నులు తక్కువ. అమెరికా శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో జపాన్ పొట్టి రకం నోరిన్ 10 వారసత్వాన్ని గోధుమలోకి తెచ్చింది ఎరువు వేస్తే పొడుగు రకాలు ఇలా పడిపోతున్నాయనే. ఆ పనికే 1970లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. నేను వేసిందీ పొట్టి రకమే. పొట్టిదైనా పడుతుంది, దానికీ ఒక హద్దుంది.

నత్రజనికి లెక్క తేలికే. 12 శాతం ప్రొటీన్ ఉన్న ఒక టన్ను గింజ దాదాపు 20 కిలోల నత్రజనిని పొలం దాటించి తీసుకుపోతుంది. నీ పొలంలో గత అయిదేళ్లలో నిజంగా దిగినంతకే లెక్క వేసుకో, కలలోని దిగుబడికి కాదు. నేలలో ముందే ఉన్నదెంతో మట్టి పరీక్ష చెబుతుంది. విత్తేటప్పుడు కొంచెం, పిలకలు పూర్తయి కాండం లేచే ముందు ఎక్కువ వాటా. పూత దగ్గర వేసేది దిగుబడిని పెద్దగా పెంచదు, ప్రొటీన్‌ను పెంచుతుంది. దాని సంగతి తర్వాత.

ఇక ఎండ. ఈ ఉత్తరంలో ఏది మర్చిపోయినా ఇది మర్చిపోకు.

గోధుమ చల్లదనం కోరుకునే పంట. సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే ప్రపంచ దిగుబడి దాదాపు 6 శాతం తగ్గుతుందని శాస్త్రవేత్తల అంచనా. కానీ రైతుకు సగటుతో పనిలేదు. పూత దగ్గర్నుంచి గింజ గట్టిపడే దాకా ఉన్న ఆ నెల, నెలన్నర రోజులే నీ సంవత్సరం. అప్పుడు ఎండ ముదిరితే ఆకు తొందరగా పండిపోతుంది, గింజ నిండకముందే మొక్క మూటాముల్లే సర్దుకుంటుంది. 2022 మార్చిలో ఇండియాలో జరిగింది అదే. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంత వేడి మార్చి లేదు. సరిగ్గా గింజ నిండే వేళ వచ్చిపడింది. గింజలు సన్నబడ్డాయి, మేలో ఎగుమతులే ఆపేశారు. బయట ధర ఆకాశంలో ఉన్నప్పుడు!

దీనికి మందు సీసాలో దొరకదు, విత్తే తేదీలో ఉంది. మీ దగ్గర ఆఖరి గడ్డమంచు ఎప్పుడు పోతుంది, ఎండ ఎప్పుడు ముదురుతుంది, ఆ రెండింటి మధ్య కిటికీ ఎన్ని రోజులు అన్నది పాత వాతావరణ లెక్కలు చూసి రాసుకో. పూత ఆ కిటికీలో పడేలా వెనక్కి లెక్కపెట్టి విత్తాలి. మరీ ముందు విత్తితే పూత మంచులో చిక్కుతుంది, వెన్ను తెల్లగా నిలబడుతుంది కానీ లోపల గింజ ఉండదు. ఆలస్యం చేస్తే పిలకలూ తగ్గుతాయి, గింజా ఎండలో పడుతుంది. ఒకే రకం వేయకు. త్వరగా కోతకొచ్చేది ఒకటి, కాస్త ఆలస్యంగా వచ్చేది ఒకటి ఉంటే ఒక వడగాలి రెండింటినీ ఒకే దశలో పట్టుకోలేదు. ఇంకో మాట, రకం కొనేటప్పుడు దానికి శీతాకాలపు చలి అవసరమా అని అడుగు. కొన్ని రకాలు వారాల తరబడి చలి తగలందే వెన్ను తీయవు. అలాంటివాటిని వసంతంలో విత్తితే గడ్డిలాగా పెరుగుతూనే ఉంటాయి.

విత్తిన మూడు వారాలకు చేలోకి వెళ్లి ఒక మొక్కను మట్టితో సహా పెకలించు. మట్టిని నీళ్లలో మెల్లగా కడుగు. విత్తనం నుంచి కిందికి పోయిన సన్నటి వేర్లు కనిపిస్తాయి. వాటికి పైన, నేలకు కాస్త లోపల మొదలు దగ్గర తెల్లగా, కాస్త లావుగా కొత్త వేర్లు పొడుచుకొస్తుంటాయి. మిగతా జీవితమంతా మొక్క ఎక్కువగా బతికేది ఆ రెండో వేర్ల మీదే. 20 నుంచి 25 రోజుల మధ్య ఆ చోట తేమ లేకపోతే ఆ వేర్లు దిగవు, పిలకలు తగ్గుతాయి, తర్వాత ఎన్ని తడులు పెట్టినా ఆ నష్టం పూడదు. నీటి వసతి ఒక్క తడికే ఉంటే దాన్ని ఆ రోజుల్లోనే వాడు. వాన మీదే ఆధారమైతే పాత పంట మోళ్లను తగలబెట్టకుండా ఉంచి, దున్నకుండా విత్తే పద్ధతి చూడు. తేమ నిలుస్తుంది, దుక్కి ఖర్చు, డీజిల్ మిగులుతాయి, నాలుగు రోజులు ముందుగా విత్తగలుగుతావు. ఎలుకలు మాత్రం పెరుగుతాయి, ముందే చెబుతున్నా.

తుప్పు తెగుళ్లు మూడు. పసుపు, గోధుమ రంగు, నలుపు. చల్లటి, తేమ ఉన్న రోజుల్లో పసుపు తుప్పు ముందొస్తుంది. ఆకు పసుపుబారిందని కంగారుపడి మందు కొట్టేవాళ్లున్నారు. ముందు ఆకును బొటనవేలితో రుద్ది చూడు. వేలికి పసుపు పొడి అంటుకుంటే, ఆ పొడి ఆకు పొడవునా గీతలు గీసినట్టు వరసలో ఉంటే అది తుప్పు. వేలికి ఏమీ అంటకపోతే నత్రజని తగ్గడమో, నీరు నిలవడమో అయ్యుంటుంది. తొలి మచ్చలు చేలో ఒక మూల, కాస్త నీడ, తేమ ఉన్న చోట మొదలవుతాయి. గట్టు మీద నిలబడి చూస్తే కనిపించవు, లోపల నడవాలి.

తెగుళ్లను తట్టుకునే రకమని రాసి ఉంటే అది శాశ్వతమనుకోకు. ఉగాండాలో బయటపడిన నల్ల తుప్పు రూపానికి యూజీ99 అని పేరు, ఆ 99 అంటే 1999. ఎన్నో దేశాల రకాలు నమ్ముకున్న ఒకే తట్టుకునే గుణాన్ని అది దాటేసింది. అగ్గి తెగులు ఇంకా మొండిది. 1985లో బ్రెజిల్‌లో కనిపించింది, 2016లో బంగ్లాదేశ్‌లో దిగి 15,000 హెక్టార్ల వరకు పాడు చేసింది. వెన్నుకు పట్టాక ఏ మందూ సరిగా పనిచేయదు. కాబట్టి పదేళ్లు ఒకే రకాన్ని పట్టుకుని కూర్చోకు.

కలుపు మందుల కథా అంతే. ఆస్ట్రేలియాలో రైగ్రాస్, ఇంగ్లండ్‌లో బ్లాక్‌గ్రాస్ అనే గడ్డి కలుపులు మందులకు లొంగని స్థితికి వచ్చాయి. మందు మార్చడం కొంత మేలు, పంట మార్చడం ఎక్కువ మేలు. గోధుమ తర్వాత గోధుమ, దాని తర్వాత గోధుమ వేసే చేనుకు ఆ కలుపు అలవాటు పడిపోతుంది. మధ్యలో పప్పుజాతి పంటో, నూనెగింజో వేస్తే కలుపు లయ తప్పుతుంది, వేరుకుళ్లు తగ్గుతుంది, పప్పుజాతి అయితే నేలకు నత్రజని కూడా కొంత మిగులుతుంది. ఆ ఏడు గోధుమ రాలేదని బాధపడకు, తర్వాతి ఏడు టన్ను ఖర్చు తగ్గడంలో అది కనిపిస్తుంది.

ఇప్పటిదాకా కష్టాలే చెప్పానని నిట్టూర్చకు. ఈ రోజుల్లో గోధుమ రైతుకు ఉన్న అసలు అవకాశం నాణ్యతలో ఉంది. అందరి గింజా ఒకే కుప్పలో పోసే కాలం మెల్లగా పోతోంది. బ్రెడ్డుకు 12 శాతం పైన ప్రొటీన్ కావాలి, బిస్కెట్లకు తక్కువ ప్రొటీన్ మెత్తటి గింజ కావాలి, పాస్తాకు డ్యూరం అనే వేరే జాతే కావాలి. విత్తక ముందే కొనేవాళ్ల దగ్గరికి వెళ్లి మీకేం కావాలి, దేనికి ఎంత ఎక్కువిస్తారు అని అడుగు. నేను ముప్పై ఏళ్లు ఆ ప్రశ్న అడగలేదు. అడిగినరోజు వాళ్లే ఆశ్చర్యపోయారు.

నాణ్యత అంటే కంటికి కనిపించేదే కాదు. ఒకసారి కోతకు వారం ఆలస్యమైంది, మధ్యలో వాన పడింది. గింజ చూడ్డానికి నిగనిగలాడుతూనే ఉంది. మిల్లులో ఫాలింగ్ నంబర్ పరీక్ష చేశారు. పిండిని నీళ్లలో కలిపి వేడిచేసి, ఆ జావలో కడ్డీ ఎన్ని సెకన్లలో కిందికి దిగుతుందో చూస్తారు. 300 సెకన్లు దాటితే మంచిది. మొలక మొదలైన గింజలో పిండి పదార్థం విరిగిపోయి జావ పలచబడుతుంది, కడ్డీ జారిపోతుంది. నా లోడు పశువుల దాణా ధరకు పోయింది. గొడవపడ్డాను, లాభం లేకపోయింది, తప్పు నాదే. కోత మిషన్ ఎప్పుడొస్తుందో విత్తేరోజునే మాట్లాడి పెట్టుకోవాలి.

కోత రోజు మిషన్ వెనక నడువు. అద్దెకొచ్చినవాడు తొందరలో ఉంటాడు, స్పీడు పెంచుతాడు. ఒక చదరపు మీటరు నేల మీద గింజలు లెక్కపెట్టు. 250 ఉన్నాయంటే హెక్టారుకు 100 కిలోలు పోతున్నట్టే. ఆపి సెట్టింగ్ మార్చమను. మొహమాటపడకు.

గింజ తేమ 12 శాతానికి దిగాకే నిల్వ చెయ్యి. తేమ మీటరు కొను, డ్రోన్ కంటే ముందు అదే కొను. మొత్తం ఒకేరోజు అమ్మకు, మూడు వాటాలుగా అమ్ము. మూడింటిలో ఒక్కటైనా మంచి రేటులో పడొచ్చు.

గోధుమ సొంత పరాగంతో పండుతుంది కాబట్టి విత్తనం శుద్ధంగా నిలబెట్టుకోవడం తేలిక. రెండు మూడేళ్లు చెయ్యి తిరిగాక విత్తనోత్పత్తి ఆలోచించు, మామూలు గింజ కంటే మెరుగైన ధర. నేలలో కార్బన్ నిలిపినందుకు డబ్బు తెచ్చిపెట్టే కార్బన్ క్రెడిట్లు ఇప్పిస్తామని ఎవరైనా వస్తే కాగితం ఇంటికి తెచ్చుకుని చదువు, ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలో చూడకుండా సంతకం పెట్టకు. కరువును తట్టుకునే జన్యుమార్పిడి గోధుమకు అర్జెంటీనా 2020లో అనుమతిచ్చింది. అలాంటివి వస్తుంటాయి, వచ్చినప్పుడు చూద్దాం.

ఈ వారం నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. నాన్న ఉంచిన విత్తనం సంచి అడుగు నుంచి, మధ్య నుంచి, పై నుంచి గుప్పెడు చొప్పున తియ్యి. ఏరకుండా 100 గింజలు లెక్కపెట్టి తడిగుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా చూస్తూ ఎనిమిదో రోజున విప్పు. బాగా మొలిచినవి ఎన్నో లెక్కపెట్టు. ఇంకో 1000 గింజలు తూకం వెయ్యి. 40 గ్రాములు తూగితే, చదరపు మీటరుకు 250 మొక్కలు కావాలంటే, హెక్టారుకు 100 కిలోల విత్తనం. మొలక 85 వస్తే 118 కిలోలు పడుతుంది. 70 కంటే తక్కువ వస్తే ఆ సంచి పక్కన పెట్టి కొత్త విత్తనం కొనుక్కోవాల్సిందే. నాన్న ఒప్పుకోడు, తెలుసు. నేను మాట్లాడతాను.

రెండు అంకెలూ రాసి పంపు.

ఇట్లు,
పెదనాన్న