ఎన్నారై సందేహాలు: కోళ్ల జాలి మీదికి ఏ తీగ?

ప్రశ్న: ఆంటీ, మాది ఉప్పల్. పెళ్లయ్యాక డాలస్ దగ్గరికి వెళ్లి ఏడాది కూడా కాలేదు. మేం కొన్న ఇంటి పెరట్లో పాతవాళ్లు వదిలేసిన కోళ్ల గూడు, దాని ముందు జాలి కట్టిన ఆవరణ ఉన్నాయి. ఆరు పెట్టల్ని తెచ్చుకున్నాం. ఎండాకాలం నీడ కోసం జాలి మీదికి తీగలు పాకించాలని ఉంది. ఇప్పుడు సెలవులకి హైదరాబాద్ వచ్చాం. వెళ్లేటప్పుడు గేటు మీదున్న రాధామనోహరం కొమ్మ, ఇంకొన్ని పూలతీగల విత్తనాలు పట్టుకెళ్లమని మా అత్తయ్య అంటున్నారు. అవి కోళ్లకి మంచివేనా? ఊళ్లో కోళ్లు గన్నేరు చెట్టు కిందే తిరిగేవి, వాటికేం కాలేదని ఆవిడ వాదన.

జవాబు: మీ అత్తయ్యగారు చూసింది నిజమే అమ్మా. కానీ ఆ కోళ్లు వేరు, నీ కోళ్లు వేరు. ఊళ్లో నాటుకోడి పొద్దున గంప ఎత్తగానే బయటపడి, పొద్దుగూకేదాకా ఊరంతా తిరుగుతుంది. పురుగులు, గింజలు, గడ్డి, పెంటకుప్పలు, దానికి ఏం తక్కువ? చేదాకు కనిపిస్తే ఒకసారి పొడిచి చూసి వదిలేస్తుంది. జాలిలో ఉన్న పెట్టకి ఆ వీలు లేదు. లోపలి పచ్చగడ్డిని కొద్దిరోజుల్లోనే కెలికి మట్టి చేసేస్తుంది. ఆ తర్వాత జాలి కన్నుల్లోంచి లోపలికి వచ్చే ప్రతి చిగురూ దానికి కాలక్షేపమే. కోడిపిల్లలకైతే ఏది తినాలో ఏది వద్దో కూడా తెలీదు. అందుకే జాలి మీదికి పాకించే తీగ విషయంలో నాది ఒకటే పట్టుదల: మన వంటింట్లోకి వచ్చే తీగే పాకించు, అందం కోసం పెంచేవి వీధి వైపు పెట్టుకో.

నేనూ ఇప్పుడు తార్నాకలో మా అక్క ఇంట్లోనే ఉన్నాను. ఈ వీధి చివరిదాకా నడిస్తే గేట్ల మీదా గోడల మీదా కనిపించేవాటిలో సగం కోళ్ల దగ్గరికి రానివ్వకూడనివే. గన్నేరు తీగ కాదు గానీ, కంచెకి బాగుంటుందని చాలామంది వేస్తారు. ఆకు, పువ్వు, పుల్ల అన్నీ గుండె మీద పనిచేసే విషమే. పచ్చగన్నేరూ అంతే. టెక్సాస్‌లో గాల్వెస్టన్ ఊరికి ‘ఓలియాండర్ సిటీ’ అనే పేరుంది, అంటే నీకు అక్కడ కూడా గన్నేరు సులువుగానే దొరుకుతుంది. పసుపు బాకా పూల అల్లమండా గన్నేరు కుటుంబమే. మనీప్లాంట్ ఆకులో ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు నోరు, గొంతు మండేలా చేస్తాయి. రాధామనోహరం గింజల్ని వెనకటికి నులిపురుగుల మందుగా వాడేవారు, మోతాదు మించితే వాంతులు. కోడికి మోతాదు ఎవరు చూస్తారు? కొమ్మ సంగతి అత్తయ్యగారికి మెల్లగా నచ్చజెప్పు.

గింజల సంగతి ఇంకాస్త చెప్పాలి. గురివింద గింజని మనిషి నమలకుండా మింగితే, పెంకు గట్టిది కాబట్టి చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. కోడి పొట్టలో అలా కాదు. మింగిన గింజని కందనకాయ రాళ్లతో నూరేస్తుంది, లోపలున్న ఏబ్రిన్ అనే విషం మొత్తం బయటికి వస్తుంది. ఎర్రగా ముద్దుగా ఉన్నాయని, పూజకి పనికొస్తాయని గురివిందలు పెట్టెలో వేసుకునేవాళ్లని చూశాను, అందుకే చెబుతున్నా. అడవినాభి పువ్వు అగ్గిమంటలా ఎంత అందంగా ఉన్నా దాని దుంపలో, గింజలో కాల్చిసిన్ అనే విషం ఉంటుంది. అమెరికాలో దాన్ని గ్లోరియోసా లిల్లీ అని దుంపలుగా అమ్ముతారు.

అక్కడి నర్సరీల్లో చూడాల్సినవి వేరే ఉన్నాయి. పసుపు పూల కెరొలైనా జెస్సమిన్‌ని కంచెలకి తెగ నాటుతారు. పేరు చూసి మన మల్లె చుట్టం అనుకోకు, మొక్క మొత్తం విషం, తేనెతో సహా. విస్టీరియా కాయలు, గింజలు విషం. పైగా అది ముదిరితే కొయ్య స్తంభాల్నే వంచేస్తుంది, నీ సన్నటి ఫ్రేము ఎంత? ఇంగ్లిష్ ఐవీ, మార్నింగ్ గ్లోరీ, స్వీట్ పీ కూడా వద్దు. స్టార్ జాస్మిన్ డాలస్‌లో ప్రతి ఇంటి ముందూ ఉంటుంది. ఏఎస్‌పీసీఏ అనే అక్కడి జంతు సంరక్షణ సంస్థ జాబితాలో అది నిరపాయకరం అని రాసి ఉంటుంది గానీ, ఆ జాబితా కుక్కలకి, పిల్లులకి, గుర్రాలకి వేసింది, కోళ్లకి కాదు. తుంచితే పాలు కారే ఇలాంటి తీగని నేనైతే కోళ్ల జాలికి పాకించను.

ఇక నాటాల్సినవి. మొదటి ఓటు తీగబచ్చలికి. డాలస్ ఎండ దానికి పండగే. జూలైలో పాలకూర, కొత్తిమీర అన్నీ చేతులెత్తేస్తే ఇది మాత్రం జాలి పైదాకా అల్లుకుపోతుంది. విత్తనం కోసం వెతకనక్కర్లేదు. ఇండియన్ షాపులో బచ్చలి కట్ట కొని, పప్పులోకి ఆకు తుంచుకున్నాక ముదురు కాడలు నాలుగైదు నీళ్ల గ్లాసులో నిలబెట్టు. కణుపుల దగ్గర తెల్లటి వేళ్లు కనిపించగానే మట్టిలోకి మార్చేయొచ్చు. లోపలికి వచ్చిన ఆకు పెట్టలు తింటాయి, బయటి ఆకు మీకు కూరకి. ఆకులో ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టేసుకుంటాయి కాబట్టి గుడ్ల పెంకు కోసం ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఎప్పుడూ అందుబాటులో పెట్టు. పండ్లు రాలాక పెట్టల ముక్కులు ఊదారంగుకి తిరుగుతాయి. రక్తమేమోనని టెన్షన్ పడకు.

తర్వాత బీర, సొర, పొట్ల, దోస. పెద్ద ఆకులు, దట్టమైన నీడ. పైగా ఇవన్నీ మొదటి మంచుకి చచ్చిపోతాయి. అది లోపం కాదు, మనకి కావాల్సిందే అది. చలికాలంలో జాలి ఖాళీ అయి ఎండ లోపలికి పడుతుంది. కోళ్లకి చెమట పట్టదు, ముక్కు తెరిచి రొప్పడం, రెక్కలు ఎడంగా పెట్టడం లాంటివే వాటికి తెలిసిన ఉపాయాలు, కాబట్టి వేసవిలో పడమటి ఎండకి అడ్డం ముఖ్యం. పడమటి వైపే ముందు నాటు. ఒక్క జాగ్రత్త: సొరకాయ ఎప్పుడైనా చేదుగా ఉంటే మీరూ తినొద్దు, కోళ్లకీ వేయొద్దు. ఆ చేదు కుకుర్బిటాసిన్లు అనే విషపదార్థాలది, మనుషుల్నే ఆసుపత్రి పాలు చేసింది.

చిక్కుడు నాటొచ్చు గానీ కాయ ముదరనివ్వకు. ముదిరి ఎండిన, ఉడికించని గింజల్లో సయనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి. మనం ఉడికించి నీళ్లు వంచుకుంటాం, కోడి వంచుకోదు. శంఖుపూలకీ అదే షరతు, గింజలు విరేచనాలు చేస్తాయి. దొండ విషయంలో తొందరపడకు. హవాయిలో దాన్ని ప్రమాదకరమైన కలుపుగా ప్రకటించారు, నాటే ముందు మీ రాష్ట్రపు జాబితా చూసుకో.

ద్రాక్ష ఎలా ఉంటుందని మీ మామయ్యగారు అడుగుతారేమో. ఒకప్పుడు హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఏ-షాహీ తోటలుండేవి, ఆ తరానికి ద్రాక్షపందిరి అంటే ప్రాణం. కోళ్లకి ద్రాక్ష మంచిదే. కుక్కకి మాత్రం ద్రాక్షపండు కిడ్నీలు పాడుచేస్తుంది, ఇంట్లో కుక్క ఉంటే వద్దే వద్దు. టెక్సాస్‌లో పియర్స్ డిసీజ్ అనే తెగులు మామూలు రకాల్ని చంపేస్తుంది, తట్టుకునే రకం అడిగి కొనాలి. ఇంకొకటి, పళ్లు కాసే తీగ ఏదైనా అడవి పక్షుల్ని పిలుస్తుంది. 2022 నుంచి అమెరికాలో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ కోళ్లని పీడిస్తోంది. పక్షుల రెట్టలు సరిగ్గా పెట్టల నెత్తిన పడేలా పందిరి వేసుకోవడం నాకు నచ్చదు.

ఏ తీగైనా పాదు బయటి వైపే తవ్వు. లోపల పెడితే వేళ్లతో సహా కెలికేస్తాయి. బయట కూడా జాలి పక్కన రెండు ఇటుకలు పేర్చు. అడుగున ఒక అడుగు ఎత్తు వరకు ఆకులు ఎప్పటికప్పుడు తీసేస్తూ ఉండు. అక్కడ గుబురు పెరిగితే గుడ్లకోసం వచ్చే పాము కనబడదు, కోళ్లని ఎత్తుకెళ్లే రకూన్ అనే అక్కడి జంతువు చేసిన కన్నమూ కనబడదు. జాలి అర అంగుళం కన్నులది అయితే మంచిది. షట్కోణాల కోళ్ల జాలిని రకూన్ చేత్తో చీల్చేస్తుంది.

నర్సరీలో కొంటే వేళ్ల ద్వారా ఎక్కే పురుగుమందు వేశారా అని అడుగు. ముఖ్యంగా తీగ గులాబీలకి, పూలమొక్కలకి. ఆకు కడిగినా ఆ మందు పోదు. నువ్వు కూడా జాలి మీది తీగకి పొడి మందులు చల్లకు. ఆవరణలోంచి తీసిన పచ్చి పెంట నేరుగా పాదులో వేస్తే తీగ మాడిపోతుంది, కుప్ప వేసి మాగనివ్వు. పచ్చి ఎరువు వేశాక మట్టిని తాకే కాయని 120 రోజులు, తాకనిదాన్ని 90 రోజులు ఆగి కోయాలని అక్కడి ఆర్గానిక్ నియమం. పెరటి తోటకీ అదే పాటించడం మంచిది.

డాలస్‌లో చివరి మంచు సాధారణంగా మార్చి మధ్యలో వెళ్లిపోతుంది. సొర, బీర గింజలు ఏప్రిల్‌లో నేల వేడెక్కాకే వేయి. అల్లుకునేదాకా పడమటి వైపు షేడ్ నెట్ కట్టు. అప్పటికి మీ కౌంటీలో సాగు సలహాలిచ్చే ఆగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి ఒకసారి ఫోన్ చేస్తే, మీ నేలకి ఏది పడుతుందో ఉచితంగా చెబుతారు.

ఇక పెట్టె సంగతి. గేటు మీది కొమ్మ, మోండా మార్కెట్ విత్తనాల పొట్లాలు రెండూ మానుకో. నాటే విత్తనాలకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కావాలి, మొక్కలకి షరతులు ఇంకా ఎక్కువ. ఏది తీసుకెళ్లినా కస్టమ్స్ వాళ్లకి చెప్పాల్సిందే, దాస్తే జరిమానా. కరివేపాకు కూడా నిమ్మజాతి తెగులు భయంతో ఆపేస్తారు. సొర, బీర, చిక్కుడు విత్తనాలు వసంతకాలంలో అక్కడి ఇండియన్ కిరాణా షాపుల్లోనే దొరుకుతాయి.