డాక్టర్ సలహా: మాత్రలు మాని రాగి జావ తాగితే డిప్రెషన్ తగ్గుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంతకల్లు. మా వారికి 46 ఏళ్లు, కిరాణా కొట్టు నడుపుతారు. మేం శాకాహారులం. ఎనిమిదేళ్లుగా ఆయనకు షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వేసుకుంటారు. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు. కొట్టు తీయడం మానేశారు. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోతారు, రోజంతా టీలే. డిప్రెషన్ అని డాక్టరు మాత్రలు రాస్తే, కడుపులో తిప్పుతోందని పది రోజులకే ఆపేశారు. 'తిండి సరిగా లేకే ఇదంతా. బెల్లం వేసి రాగి జావ పట్టించు, బాదంపప్పు పెట్టు, మాత్రలతో పనిలేదు' అంటోంది మా ఆడపడుచు. ఫోనులో వీడియోలూ అదే చెబుతున్నాయి. ఆహారంతో ఇది నిజంగా తగ్గుతుందా?

జవాబు: అమ్మా, ఆహారానికీ మనసుకూ సంబంధం ఉంది. ఆ మేరకు మీ ఆడపడుచు మాట కొట్టిపారేయదగినది కాదు. కానీ మాత్రలు మానేయమనడం మాత్రం ప్రమాదం. మీ వారి విషయంలో మరీ ప్రమాదం.

ఆకలి చచ్చిపోవడం, తెల్లవారకముందే మెలకువ రావడం, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకపోవడం కుంగుబాటు లక్షణాలే. తినకపోవడం వల్ల జబ్బు వచ్చిందని మీ ఇంట్లో అనుకుంటున్నారు. జబ్బు వల్ల తినలేకపోతున్నారన్నది నాకు కనిపిస్తున్న సంగతి. అందుకే 'ఇంత చేసి పెట్టినా తినవేం' అని నిలదీయకండి. ఆయన ఇప్పటికే తనను తాను నిందించుకుంటూ ఉంటారు. కంచం దగ్గర కూడా అదే నింద ఎదురైతే వంటింటి వైపు రావడమే మానేస్తారు.

ఆహారంతో మేలు జరుగుతుందని చూపిన పరిశోధనలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో డిప్రెషన్ ఉన్న 67 మందిపై జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. పన్నెండు వారాలపాటు కొందరికి కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, గింజలు, చేపలు, ఆలివ్ నూనెతో కూడిన భోజనం నేర్పారు. మిగతావారిని అప్పుడప్పుడూ పలకరించి కబుర్లు చెప్పారు. భోజనం మార్చుకున్నవారిలో సుమారు 32 శాతం మంది జబ్బు నుంచి బయటపడితే, రెండో జట్టులో 8 శాతమే బయటపడ్డారు. ఆశ కలిగించే ఫలితమే. అయితే వారిలో చాలామంది మందులో, కౌన్సెలింగో కొనసాగిస్తూనే ఆహారం మార్చుకున్నారు. వీడియోల్లో ఈ ముక్క చెప్పరు. పైగా అది చిన్న అధ్యయనం. 2019లో నాలుగు ఐరోపా దేశాల్లో వెయ్యికి పైగా మందికి ఏడాదిపాటు విటమిన్లు, ఒమేగా-3 మాత్రలు ఇచ్చి చూస్తే, అవి డిప్రెషన్ రాకుండా ఆపలేకపోయాయి. కాబట్టి ఖరీదైన పొడులు, డబ్బాలు కొనకండి.

మనసు తీరుతో సంబంధం ఉన్న సెరటోనిన్ అనే రసాయనం పేగుల్లో తయారవుతుంది కనుక కడుపు బాగుంటే చాలని కూడా వినే ఉంటారు. శరీరంలోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజం. కానీ అది మెదడులోకి వెళ్లదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది.

మీ ఉత్తరంలో నన్ను వెంటనే ఆపినవి రెండు. ఆయన శాకాహారి, పైగా ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈ రెండూ కలిసిన చోట విటమిన్ బి12 లోపం తరచూ ఉంటుంది. బి12 పప్పుల్లోనూ ఆకుకూరల్లోనూ దొరకదు. శాకాహారులకు పాలు, పెరుగే ఆధారం. అది తగ్గితే నీరసం, మతిమరుపు, అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలతో పాటు దిగులూ రావచ్చు. బి12, హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూడు నెలల షుగరు సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్షలు చేయించండి. బి12 తక్కువని తేలితే ఇంజెక్షన్లో మాత్రలో వాడాల్సిందే. గ్లాసు పాలు పెంచితే ఆ లోటు తీరదు.

ఇంకొకటి, ఇది ఈ రోజే చూసుకోండి. గ్లిమిపిరైడ్ వేసుకుని తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, చిరాకు, తికమక కనిపిస్తే మనసు బాగోలేదని వదిలేయకండి. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత గ్లూకోమీటరుతో చూడండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి ఇలా తగ్గిన సంగతి షుగరు డాక్టరుకు చెబితే మోతాదు మారుస్తారు. బెల్లం వేసిన జావ మాటకొస్తే, షుగరున్న మనిషికి అది మందు కాదు. జావ ఇవ్వాలనిపిస్తే మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేసి ఒక గ్లాసు ఇవ్వండి.

మరి ఏం పెట్టాలి? మీ ఇంట్లో ఉన్నదే. పెద్ద సంగటి ముద్ద చూస్తేనే ఆయనకు తినబుద్ధి కాదు. సగం ముద్ద చేసి, తోటకూర పప్పు ఎక్కువగా వేయండి. పొద్దున ఉగ్గాని చేస్తే బొరుగులు తగ్గించి, పుట్నాల పొడి, వేయించిన వేరుశనగ గింజలు, నిమ్మరసం కలపండి. ఒట్టి బొరుగులు షుగరును త్వరగా పెంచుతాయి, ఆకలీ త్వరగానే వేస్తుంది. ఉడికించిన అలసందలు గుప్పెడు, ఒక కప్పు పెరుగు, చీనీకాయ తొనలు కూడా చాలు. మూడు పూటలా నిండుగా తినిపించాలని పట్టుబట్టకండి, రెండున్నర మూడు గంటలకోసారి కొంచెం పెట్టండి. ఒంటరిగా వదలక పక్కన కూర్చుని మీరూ తినండి. టీ భోజనంతో పాటు వద్దు, ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. సాయంత్రం నాలుగు దాటాక అసలే వద్దు, ఉన్న కాస్త నిద్రనూ పోగొడుతుంది.

కుంగుబాటు మాత్రలు మొదటి వారం, రెండు వారాలు కడుపులో తిప్పడం మామూలే. తిన్న తర్వాత వేసుకుంటే చాలామందికి తట్టుకోగలిగేంత అవుతుంది, తర్వాత తగ్గుతుంది. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అంటే పని మొదలుకాకముందే ఆయన ఆపేశారు. అవి పడకపోతే వేరే మందులున్నాయి, ఆకలి, నిద్ర పెంచేవీ ఉన్నాయి. రాసిన డాక్టరునే కలవండి. వీలుకాకపోతే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఒక్క ప్రశ్న మాత్రం మీరు ఆయనను అడిగి తీరాలి. 'బతకాలని లేదనిపిస్తోందా?' అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకండి, పురుగుమందులు, ఎక్కువ మాత్రలు అందుబాటులో ఉంచకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఆయన ఆసుపత్రికి రానంటే మీరొక్కరే వెళ్లండి. వాడుతున్న మాత్రల పట్టీలు, షుగరు రిపోర్టులు, ఈ వారం ఆయన ఏ పూట ఎంత తిన్నారో, ఎన్ని గంటలు నిద్రపోయారో రాసిన కాగితం వెంట తీసుకెళ్లండి.

– మానసిక వైద్య నిపుణుడు, కర్నూలు