ఒకే ఎత్తు దూకినా సిల్వరేనా? బ్లాంకా వ్లాషిచ్‌నే చూడండి

మీరు అడిగింది ఇది: "రాష్ట్ర స్థాయి హైజంప్‌లో మా అమ్మాయి, ఫస్ట్ వచ్చిన అమ్మాయి ఒకే ఎత్తు దూకారు. మా అమ్మాయికి సిల్వర్ ఇచ్చారు. ఇది అన్యాయం కాదా? పెద్ద పోటీల్లో కూడా ఇలాగే ఉంటుందా?"

ఉంటుందండీ. ఒలింపిక్స్‌లో కూడా ఇదే రూల్. ఇంటికొచ్చాక మీ అమ్మాయి సరిగా అన్నం కూడా తిని ఉండదు. నేనూ తినలేదు.

ఇంటర్ చదివేటప్పుడు జోనల్ మీట్‌లో నేనూ ఇంకో అమ్మాయీ 1.48 మీటర్లు మొదటి ప్రయత్నంలోనే దూకాం. తర్వాత ఎత్తు ఇద్దరం మూడుసార్లూ పడగొట్టాం. గోల్డ్ మాత్రం ఆమెకు వెళ్లింది. కారణం 1.35 దగ్గర ఉంది. రోజూ ప్రాక్టీసులో దూకే ఎత్తే కదా అని ట్రాక్ ప్యాంటు కూడా విప్పకుండా పరిగెత్తాను. భుజాలు దాటాయి, నడుము దాటింది, మడమ తగిలింది. మ్యాట్ మీద వెల్లకిలా పడి చూస్తుంటే బార్ రెండుసార్లు ఊగింది. నిలబడిందిలే అనుకునేలోపు వచ్చి నా పక్కనే పడింది. రెండో ప్రయత్నంలో దాటేశాను, ఆ సంగతి అక్కడే మర్చిపోయాను. స్కోర్ షీట్ మర్చిపోలేదు. మా పీడీ సార్ ఆ షీట్ నా ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా నా వరుసలో ఉన్న ఆ ఒక్క ఇంటూ మార్కు మీద వేలు పెట్టారు.

లెక్క ఇలా చూస్తారు. దూకితే సున్నా, పడేస్తే ఇంటూ, ఆ ఎత్తు వదిలేస్తే గీత. ఇద్దరూ ఒకే ఎత్తు దగ్గర ఆగిపోతే, ముందు ఆ చివరి ఎత్తును ఎవరు తక్కువ ప్రయత్నాల్లో దాటారో చూస్తారు. అదీ సమానమైతే అప్పటివరకూ మొత్తం ఇంటూలు ఎవరికి తక్కువో చూస్తారు. ఇంకా సమానమై, అది మొదటి స్థానం అయితే మళ్లీ దూకిస్తారు, లేదా ఇద్దరికీ కలిపి ఇస్తారు. టోక్యో ఒలింపిక్స్ మగవాళ్ల హైజంప్‌లో ఖతార్ ఆటగాడు బార్షిమ్, ఇటలీ ఆటగాడు టాంబెరీ గోల్డ్ పంచుకున్నది అలాగే.

ఇక పెద్ద పోటీల సంగతి. క్రొయేషియాకు చెందిన బ్లాంకా వ్లాషిచ్ గురించి మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి. ఈ రూల్ ఆమెను వెంటాడినంతగా ఇంకెవరినీ వెంటాడలేదని నా అభిప్రాయం. 1983లో స్ప్లిట్ నగరంలో పుట్టింది. ఆ ఏడాదే కాసాబ్లాంకాలో జరిగిన మెడిటరేనియన్ గేమ్స్‌లో వాళ్ల నాన్న డెకాథ్లాన్ (పరుగు, జంప్, త్రోలు కలిపి పది అంశాల పోటీ) గెలిచారు. ఆ ఊరి పేరు మీదే ఆమెకు బ్లాంకా అని పెట్టారు. 16 ఏళ్లకే సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్లింది, జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ రెండుసార్లు గెలిచింది. తర్వాత థైరాయిడ్ సమస్య వచ్చింది. 2004 ఏథెన్స్‌లో 11వ స్థానంలో ఆగిపోయింది, మరుసటి ఏడాది సర్జరీ చేయించుకుంది. కోలుకుని 2007లో ఒసాకాలో 2.05 దూకి ప్రపంచ చాంపియన్ అయింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వచ్చేసరికి ఆమె వరుసగా 34 పోటీలు గెలిచి ఉంది. గోల్డ్ ఆమెదేనని అందరూ అనుకున్నారు. ఫైనల్లో 2.05 దగ్గర మొదటి ప్రయత్నంలో బార్ పడింది, రెండోసారి దాటింది. బెల్జియం అమ్మాయి టియా హెలెబౌట్ అదే 2.05ను మొదటిసారే దాటింది. 2.07 ఇద్దరికీ అందలేదు. అంతే, హెలెబౌట్‌కు గోల్డ్, వ్లాషిచ్‌కు సిల్వర్. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా 1.35 గుర్తొచ్చింది.

మరుసటి ఏడాది బెర్లిన్‌లో ఆమె మళ్లీ ప్రపంచ చాంపియన్ అయింది. అదే ఆగస్టు 31న జాగ్రెబ్‌లో సొంత మనుషుల ముందు 2.08 దూకింది. అప్పటికి ప్రపంచంలో అంతకంటే ఎత్తు దూకిన మహిళ బల్గేరియాకు చెందిన స్టెఫ్కా కోస్టాడినోవా ఒక్కరే, 1987లో 2.09. (ఆ రికార్డును 2024లో ఉక్రెయిన్ అమ్మాయి మహుచిక్ 2.10తో దాటింది. మన సహనా కుమారి 2012లో హైదరాబాద్‌లో దూకి జాతీయ రికార్డు పెట్టిన ఎత్తు 1.92. దాని పక్కన పెట్టి చూస్తే 2.08 ఎంతో అర్థమవుతుంది.)

2011లో దక్షిణ కొరియాలోని డేగూ ప్రపంచ పోటీల్లో వ్లాషిచ్ 2.03 దూకింది, రష్యా అమ్మాయి చిచెరోవా కూడా అంతే దూకింది. మళ్లీ ప్రయత్నాల లెక్కలోనే సిల్వర్. తర్వాత మడమ పైన ఉండే అకిలీస్ టెండన్‌కు సర్జరీ, 2012 లండన్ ఒలింపిక్స్ పోయాయి. 2015లో తిరిగొచ్చి బీజింగ్ ప్రపంచ పోటీల్లో 2.01 దూకితే ముగ్గురిదీ అదే ఎత్తు, ఆమెకు మళ్లీ సిల్వర్. 2016 రియోలో నలుగురు 1.97 దగ్గర ఆగిపోయారు. ఆ నలుగురిలో ఒకరికి పతకమే లేదు. ఈసారి అదే రూల్ వ్లాషిచ్‌కు కాంస్యం ఇచ్చింది. ఒలింపిక్ గోల్డ్ లేకుండానే 2021లో రిటైరయింది. అయినా నా దృష్టిలో ఆమె తరంలో అంతటి జంపర్ లేదు.

ఇప్పుడు మీ అమ్మాయి సంగతి. ఆ రోజు స్కోర్ షీట్ జిరాక్స్ గానీ ఫోటో గానీ దొరుకుతుందేమో వాళ్ల పీఈటీ సార్‌ను అడగండి. ఇంటూ ఎక్కడుందో అమ్మాయినే చూడనివ్వండి. నాలాగా కింది ఎత్తులో ఉంటే వార్మప్, మొదటి జంప్ మీద పనిచెయ్యాలి. చివరి ఎత్తులో ఉంటే చాలాసార్లు రనప్‌లో అడుగులు తేడా పడి ఉంటాయి. కాలు నొప్పి అంటే మాత్రం టేప్ చుట్టి దూకించకండి, రెస్ట్ ఇవ్వండి. ఇంటూ ఏ ఎత్తు దగ్గర ఉందో, ఎన్ని అడుగుల రనప్ తీసుకుంటుందో ఇక్కడ రాయండి, నాకు తెలిసినంత చెప్తాను.